సంతకం కింద రాసిన ముక్క

కోదాడ
9 ఫిబ్రవరి 2025

తమ్ముడు పర్వతాలుకు,

మీ అక్క సువర్ణ కోపం మీద ఉండి రాస్తున్నది. ఆశీర్వాదం చివర్లో ఉంటుంది, ముందు తిట్లు చదువు.

మొన్న సూర్యాపేటలో మన చిన్నాయన కొడుకు జవహర్ కొత్త ఇంట్లో పాలు పొంగించిన రోజున బంతిలో నా పక్కనే కూర్చున్నావు. ఇంకా ముద్ద కలపనే లేదు, వడ్డించే పిల్లను ఆపి, "జర ఉప్పు పెట్టు బిడ్డా" అన్నావు. రుచి చూసి అడిగితే ఊరుకునేదాన్ని. చూడకుండానే అడిగావు. ఆ పిల్ల విస్తరి అంచున పెట్టిన ఉప్పంతా పప్పులో, సాంబారులో, చివరికి పెరుగన్నంలో కూడా కలిపావు. నీ పాదాలు చూశాను. చెప్పులు విప్పితే వార్ల గుర్తులు గాడి పడ్డట్టు ఉన్నాయి. అందుకే చేయి కడగ్గానే నిన్ను మందుల షాపుకు లాక్కెళ్లాను. 172/104. దానికి నువ్వేమన్నావు? "మిషన్ ఖరాబైంది, ఇంకోటి తెమ్మను" అన్నావు. ఇంకో మిషను తెచ్చినా అంతే చూపించింది. అప్పుడు ఎండ ఎక్కువుందన్నావు. ఫిబ్రవరిలో ఎండేమిటి తమ్ముడూ?

ఇవన్నీ ఫోన్‌లో చెప్పొచ్చు. కానీ మిర్యాలగూడ రైస్ మిల్లులో ముప్పై రెండేళ్లు బాయిలర్ పక్కన నిలబడి చెవులు అక్కడే వదిలేసి వచ్చావు. ఫోన్ చేస్తే, "ఆ? ఏందే?" అని రెండుసార్లు అరిచి మహేశ్వర్ చేతికిస్తావు. నీ కొడుకేమో, "అట్లనే అత్తా" అని పెట్టేస్తాడు. నేను చెప్పింది నీ దాకా వస్తుందన్న నమ్మకం లేదు. చెవి మిషన్ కొనిపెడితే గూట్లో దేవుడి పటం పక్కన పెట్టావట. అందుకే ఈ ఉత్తరం. పోస్టాఫీసులో ఇన్‌లాండ్ కవర్ అడిగితే అక్కడి అమ్మాయి నన్ను ఎగాదిగా చూసింది.

అసలు సంగతి ఇది. పెద్ద మనిషికి రోజుకు అయిదు గ్రాములు మించి ఉప్పు పోకూడదు. అంటే ఒక టీ చెంచా, అదీ తలకొట్టి. అంగన్‌వాడీలో ముప్పై ఏళ్లు ఇదే పాఠం చెప్పాను. ఊరంతా విన్నది, నా తోడబుట్టినవాడే వినలేదు. హెల్త్ సెంటర్‌లో ఇచ్చే బీపీ మాత్ర రోజూ వేసుకో, మరిచిపోకు.

కోడలు కల్పనను, మహేశ్వర్‌ను అడిగానని చెప్పు. మీ బావగారు కులాసా.

ఆశీస్సులతో,
అక్క సువర్ణ

ఇంకో ముక్క: ఆ రోజు భోజనమయ్యాక తేపులతో తెగ ఇబ్బంది పడ్డావు. మన అవ్వ చేసినట్టే అరచెంచా తినేసోడా గ్లాసు నీళ్లలో కలుపుకుని మూడు పూటలా తిన్నాక తాగు. ఇట్టే తగ్గుతుంది.


వేములపల్లి
21 ఫిబ్రవరి 2025

అక్కకు,

నీ తిట్లు అందాయి. ఆశీర్వాదం కోసం వెతికితే సంతకం పైన సన్నగా కనిపించింది. అంత చిన్న అక్షరాలతో రాస్తే అరవై దాటినవాడు చదవొద్దా?

ముందు నా మాట విను. నాకు ఉప్పు నాలుక కోసం కాదు, ఒంటికి కావాలి. నువ్వు బాయిలర్ ముందు ఒక్క గంట నిలబడి ఉంటే తెలిసేది. ఊక ఎగదోసి వచ్చి చొక్కా విప్పి దండెం మీద వేస్తే, ఆరేసరికి తెల్లటి చారలు కనిపించేవి. మా మేస్త్రి ఐలన్న మజ్జిగ కుండలో గుప్పెడు ఉప్పు వేసి, "తాగుండ్రి, లేకుంటే గీడనే పడిపోతరు" అని దగ్గరుండి తాగించేవాడు. వినని కుర్రాడొకడు నిజంగానే పడిపోయాడు కూడా. అలా ముప్పై రెండేళ్లు బతికిన ఒళ్లు ఇది. అంగన్‌వాడీ పిల్లల లెక్క నాకు పెడితే ఎలా?

అయినా నీ మాట కొట్టేయలేదు. రోజుకు ఒక చెంచా అన్నావు కదా. కల్పన తన కుట్టుమిషన్ పెట్టెలోంచి గుండీలు వేసుకునే చిన్న డబ్బా ఖాళీ చేసి ఇచ్చింది. పొద్దున్నే అందులో తలకొట్టి ఒక చెంచా ఉప్పు పోసుకుని జేబులో పెట్టుకుంటున్నాను. మూడు పూటలూ కూరల మీద అందులోంచే చల్లుకుంటున్నాను. రాత్రి అన్నానికి సరిగ్గా అయిపోతున్నది. ఒక్క గింజ ఎక్కువ వాడటం లేదు. ఇప్పటికైనా శాంతించు.

సోడా సంగతి మాత్రం బాగుంది. తేపులు తగ్గాయి. అవ్వ చేతి వైద్యం ఇన్నాళ్లూ ఎలా మరిచిపోయానో.

మీ కోదాడలో మిర్చి ధర ఎంతుందో బావను అడిగి రాయి.

నీ తమ్ముడు,
పర్వతాలు


కోదాడ
4 మార్చి 2025

బుద్ధిమంతుడైన తమ్ముడికి,

నీ ఉత్తరం చదివి తల పట్టుకుని కూర్చున్నాను. మీ బావగారు వచ్చి, ఎవరు పోయారని అడిగారు.

రోజుకు ఒక చెంచా అంటే జేబులో వేసుకుని తిరిగేది కాదు. కూరలో కల్పన వేసింది, పప్పులో వేసింది, మజ్జిగలో కలిపింది, తొక్కులో ఉన్నది, అప్పడంలో ఉన్నది, సాయంత్రం బస్టాండులో కొనుక్కునే మిక్చర్ పొట్లంలో ఉన్నది, బ్రెడ్డులో, బిస్కెట్లో కనిపించకుండా దాక్కున్నది, అంతా కలిపి ఒక్క చెంచా. దాని పైన నువ్వు గుండీల డబ్బాతో ఇంకో చెంచా తింటున్నావు. నేను తగ్గించమంటే నువ్వు పెంచావు. ఇంత చేసి శాంతించమంటావు.

బాయిలర్ కథ ఇక ఆపు. చెమట పట్టినవాడికి ఉప్పు కావాలి, ఒప్పుకుంటాను. నువ్వు బాయిలర్ మానేసి మూడేళ్లయింది. ఇప్పుడు ఫ్యాను కింద నవారు మంచం మీద కూర్చుంటున్నావు. చెమట పోవడం ఆగింది, ఉప్పు రావడం ఆగలేదు. ఒంట్లో ఎక్కువైన ఉప్పు నీళ్లను పట్టి ఉంచుతుంది. నీ కాళ్ల వాపు అదే. ఆ నీళ్లన్నీ మోయలేక గుండె బరువెక్కుతుంది, కిడ్నీలు అలసిపోతాయి, ఒకనాటికి తలలో నరం తెగుతుంది.

నాయనను మరిచిపోయావా? మందను తోలుకుని వచ్చి, గొర్లు దొడ్లోకి పోతుండగానే గడపలో కూలబడ్డాడు. అప్పుడాయనకు అరవై రెండు. తర్వాత మూడేళ్లు బతికాడు, ఒక్క మాట మాట్లాడలేదు. నీళ్లు కావాలన్నా ఎడమచేత్తో మంచంకోడు మీద కొట్టేవాడు. ఆ చప్పుడు నాకిప్పటికీ వినిపిస్తుంది. జూన్ నెల వస్తే నీకు అరవై రెండు నిండుతాయి. నాకు భయంగా ఉంది. ఆ ముక్క చెప్పడం చేతగాక తిడుతున్నాను.

మిర్చి ధర పడిపోయిందట. నీకెందుకు, నువ్వేం పండించావని?

అక్క


వేములపల్లి
23 మార్చి 2025

అక్కా,

గుండీల డబ్బా మళ్లీ గుండీలకే పోయింది. మిక్చర్ మానేశాను. తొక్కు జాడీ అటకెక్కింది. ఇవన్నీ నా ఇష్టంతో జరిగాయనుకోకు. నీ ఉత్తరంలో నాయన సంగతి చదివాక రెండు రోజులు నాకు ముద్ద దిగలేదు.

ఇప్పుడు మా ఇల్లు నీకు నచ్చేలా తయారైంది. మహేశ్వర్‌కు మిల్లు వే బ్రిడ్జి మీద లారీలు తూచడం పని కదా. వాడు కంసాలి దగ్గర అరచేయంత కాంటా అడిగి తెచ్చాడు. మనిషికి అయిదు గ్రాములు, ముగ్గురికి పదిహేను. కల్పన పొద్దున్నే తూచి ఒక గిన్నెలో పోస్తుంది, రోజంతా దాంతోనే వంట. అయిపోతే ఇక లేనట్టే. మొదటి నాలుగు రోజులు సాయంత్రం కూర పూర్తిగా చప్పిడే. మహేశ్వర్ రెండు ముద్దలు తిని, "మిల్లు కాడ తిన్నా" అని లేచిపోతున్నాడు. టన్నులు తూచేవాడికి గ్రాముల తిండి సయించడం లేదు. కల్పన మాత్రం ఏమీ అనదు. తను కూడా అదే తింటుంది.

ఒక్కటి అడుగుతాను, కోపం తెచ్చుకోకు. నాయన గొర్లకు నెలకోసారి బండ మీద ఉప్పు చల్లేవాడు. అవి ఎగబడి నాకేవి. ఉప్పు లేకపోతే మేత ఒంటికి పట్టదనేవాడు. గొర్రెకు మంచిదైనది మనిషికి చెడ్డదెట్లా అయింది? నెలకోసారికీ రోజూకూ తేడా లేదా అంటావు. నాకు తెలుసు, అయినా అడిగాను.

ఇక నీకు కావలసిన అంకె. నిన్న హెల్త్ సెంటర్‌లో నర్సు ఉమ చూసింది. 168/102. చప్పిడి తిన్నందుకు నాలుగు తగ్గింది. మాత్ర రోజూ వేసుకుంటున్నాను, నా మీద ఒట్టు.

ఈ బాధలో నాకు సుఖమిచ్చేది నీ సోడా నీళ్లు ఒక్కటే. మూడు పూటలా మానకుండా తాగుతున్నాను. కడుపు తేలిగ్గా ఉంటుంది.

పర్వతాలు


కోదాడ
10 ఏప్రిల్ 2025

తమ్ముడూ,

నాలుగు తగ్గడమేమిటి? పక్క వీధిలో నా పాత ఆయా దీప్లా నా మాట విని ఉప్పు తగ్గిస్తే నెలలో పద్దెనిమిది తగ్గింది. నీకు మాత్ర ఉంది, తూకం ఉంది, నాలుగే తగ్గింది. ఈ లెక్క కుదరడం లేదు. మా సెంటర్‌లో పప్పు సంచి బరువు తగ్గితే ఎక్కడో చిల్లి ఉందనే అర్థం. మీ ఇంట్లోనూ ఎక్కడో చిల్లి ఉంది.

నేను బాగా ఆలోచించాను. నువ్వు దొంగతనంగా తింటే నాకు రాసేసేవాడివి, నీ కడుపులో మాట దాగదు. మహేశ్వర్ వంటింట్లోకి రాడు. ఇక మిగిలింది ఒక్కరే. కల్పన మంచి పిల్లే, కాదనను. కానీ మొగుడు బయట తిని వస్తుంటే ఏ ఆడపిల్లకు మనసు ఒప్పుతుంది? పొద్దున్న నీ కళ్ల ముందు పదిహేను గ్రాములు తూస్తుంది, పొయ్యి దగ్గర ఇంకో చిటికెడు జారుస్తుంది. అడిగితే లేదంటుంది. చెవులు వినపడని మామను నమ్మించడం ఎంతసేపు? రెండు రోజులు వంటింట్లో నిలబడి చూడు. ఉప్పు డబ్బా నీ మంచం కింద పెట్టుకో.

ఇది నీ ప్రాణానికి సంబంధించింది, మొహమాటానికి పోకు.

అక్క సువర్ణ


వేములపల్లి
29 ఏప్రిల్ 2025

సువర్ణక్కకు,

నీ ఉత్తరం చదివి మంచం మీద పెట్టి స్నానానికి పోయాను. తప్పు నాదే. తిరిగి వచ్చేసరికి అది కల్పన చేతిలో ఉంది. మంచం దులుపుతుంటే తన పేరు కనబడిందట.

ఈ ఇంట్లో నాతో ఎదురుగా నిలబడి, నెమ్మదిగా, నా కళ్లకు అందేలా మాట్లాడేది ఆమె ఒక్కతే. నా కొడుకు కూడా గోడతో మాట్లాడినట్టు మాట్లాడిపోతాడు. ఆ రోజు కూడా కల్పన అలాగే ఎదురుగా నిలబడింది. "నేను దొంగనా మామా?" అంది. నేను తల అడ్డంగా ఊపాను. కానీ వెంటనే ఊపలేదక్కా. ఒక్క క్షణం ఆగాను. నువ్వు రాసింది నిజమేమోనని ఆ క్షణం నాకూ అనిపించింది. ఆమె అది చూసింది.

లోపలికి పోయి ఉప్పు డబ్బా తెచ్చి నా మంచం మీద పెట్టి, "ఇగ మీరే కాపలా ఉండుండ్రి" అని సంచి సర్దుకుని తిరుమలగిరి బస్సెక్కింది. తల్లిగారింటికి. పద్నాలుగు రోజులైంది. మహేశ్వర్ నాతో మాట్లాడటం లేదు. నీ మీద కోపం నా మీద చూపిస్తున్నాడు. కల్పన కుట్టాల్సిన జాకెట్లు అడగడానికి ఆడవాళ్లు గేటు దాకా వచ్చి పోతున్నారు, వాళ్లకేం చెప్పాలో తెలియడం లేదు.

వంట మహేశ్వర్ చేస్తున్నాడు. సగం మాడుతుంది, సగం ఉడకదు. నాకు కడుపులో మంట మొదలైంది, సోడా ఇంకో పూట పెంచి నాలుగు సార్లు తాగుతున్నాను.

నువ్వు నా మంచికే రాశావు, ఒప్పుకుంటాను. కానీ నువ్వు అన్నీ తెలిసినదానిలా రాస్తావు, నేను చదువుతాను, మా ఇంట్లో మనుషులు లేచిపోతున్నారు. కొన్నాళ్లు నాకు ఉత్తరాలు రాయకు.

పర్వతాలు


కోదాడ
13 మే 2025

తమ్ముడికి,

రాయొద్దన్నావు, రాస్తున్నాను. పాతికేళ్ల వయసులో కూడా నువ్వు వద్దన్నది చేశాను, ఇప్పుడు మారమంటే ఎలా?

నేను అన్నది అనుమానం, నింద కాదు. ఆ పిల్ల నింద అనుకుంది. నీ ఇంట్లో నీ ఆరోగ్యం గురించి అడిగే హక్కు నాకు లేదంటే చెప్పు, మానేస్తాను. ఉప్పు ఎక్కడినుంచో వస్తున్నదన్న మాట మాత్రం నేను వెనక్కి తీసుకోను. ఒళ్లు అబద్ధం చెప్పదు.

కల్పనకు నాలుగుసార్లు ఫోన్ చేశాను. ఎత్తలేదు. అయిదోసారి ఎత్తి, "మామ మంచిగున్నడా పెద్దమ్మా" అని మాత్రం అడిగి పెట్టేసింది. నా గురించి ఒక్క మాట లేదు. దానికి నాకు కోపం రావాలి, రాలేదు.

ఎంతైనా తిట్టుకో, బీపీ ఎంతుందో ఆ ఒక్క అంకె రాయి.

అక్క


వేములపల్లి
12 జూన్ 2025

అక్కకు,

నీకు మహేశ్వర్ ఫోన్‌లో ముక్కలు ముక్కలుగా చెప్పే ఉంటాడు. మొత్తం నేనే రాస్తున్నాను. కుడిచేత్తోనే రాస్తున్నాను, అక్షరాలు చూసి నువ్వే నిర్ణయించుకో.

జూన్ మూడున పొద్దున్న చాయ గ్లాసు అందుకోబోతే చేతిలో నిలవలేదు. జారి పగిలింది. మహేశ్వర్ ఏమైందని అడిగాడు. చెప్పబోతే మాట రాలేదు. లోపల మాట ఉంది, నోటి దాకా వచ్చి ఆగిపోయింది. నేను ఏం చేశానో తెలుసా? ఎడమచేత్తో మంచంకోడు మీద కొట్టాను. కొట్టాక గాని నాకు నాయన గుర్తు రాలేదు. అక్కా, అంత భయం నేను ఎప్పుడూ పడలేదు.

పది నిమిషాల్లో మాట వచ్చింది, చేయి వచ్చింది. మిర్యాలగూడ దవాఖానలో తలకు స్కాన్ తీశారు. ఈసారికి తప్పింది, ఇది హెచ్చరిక అన్నారు. బీపీ 190 పైన ఉందట. మందులు మార్చి రెండు రోజులు ఉంచుకుని పంపారు. తర్వాత సూర్యాపేటలో డాక్టర్ ప్రేమ్‌కుమార్ దగ్గరికి పోయాం. కల్పన తల్లికి వైద్యం చేసింది ఆయనే. మేం పోయేసరికి కల్పన తిరుమలగిరి బస్సు దిగి ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని ఉంది. ఎవరూ రమ్మనలేదు. నన్ను చూసి, "గిట్ల చేసుకున్నవేంది మామా" అని ఏడ్చింది. 'మీరు' అనడం కూడా మరిచిపోయింది.

డాక్టరు ఉప్పు గురించి అడిగాడు. కల్పన సంచిలోంచి జాకెట్ల కొలతల పుస్తకం తీసి ముందు పెట్టింది. కొలతల వెనక పేజీల్లో మార్చి నుంచి తను వెళ్లిపోయిన రోజు దాకా ప్రతి పూటా ఎన్ని గ్రాములు వాడిందో తేదీ వేసి రాసుకుంది. కూర నాలుగు, పప్పు మూడు, మిగిలింది రెండు, ఇలా. ఇంట్లో ఎవరికీ చూపించలేదు. నువ్వు అంతమాట రాసినా తీసి చూపించలేదు. డాక్టరు అన్ని పేజీలూ తిప్పి, "గింత పద్ధతిగా మా నర్సులు కూడ రాయరమ్మా" అన్నాడు. మహేశ్వర్ నేల చూపులు చూశాడు. నేను కూడా.

"తినేటివి సరే, తాగేటివి చెప్పుండ్రి" అన్నాడు తర్వాత. కల్పనే చెప్పింది. "పొద్దుగాల చాయ, పగటీలి ఉప్పు లేని మజ్జిగ, తిన్నంక సోడా నీళ్లు." డాక్టరు పెన్ను కింద పెట్టాడు. ఏ సోడా అన్నాడు, ఎంత అన్నాడు, ఎన్నాళ్లుగా అన్నాడు. నాకు వినపడదని తెలిసి కాగితం మీద రాసి చూపించాడు. ఆ కాగితం నా దగ్గరే ఉంది: 'ఉప్పులో మీకు చెడు చేసేది సోడియం. తినేసోడాలో కూడా అదే ఉంది. నాలుకకు ఉప్పగా తగలదు, అంతే. రోజుకు నాలుగు అరచెంచాలంటే, ఒక చెంచా ఉప్పులో ఉన్నదానికన్నా ఎక్కువ సోడియం మీరు నీళ్లలో కలుపుకుని తాగుతున్నారు.'

అంటే కల్పన గ్రాము గ్రాము తూచి తగ్గించింది, నేను అదంతా గ్లాసులో తిరిగి పోసుకున్నాను. నువ్వు చిల్లి ఎక్కడుందని అడిగావు కదా. నా చేతిలోనే ఉంది.

ఎప్పుడైనా ఒకసారి తాగితే పోయేదేమీ లేదట, బీపీ ఉన్నవాడు రోజూ తాగకూడదట. సోడా మానిపించాడు. గ్యాస్‌కు వేరే మాత్ర ఇచ్చాడు, నెమ్మదిగా నమిలి తినమన్నాడు. ఈ అలవాటు ఎవరు చెప్పారని అడిగాడు. మిల్లులో అందరం తాగేవాళ్లమని చెప్పాను. మహేశ్వర్‌కు, కల్పనకు కూడా అదే చెప్పాను. కల్పన నా మొహంలోకి కాసేపు చూసింది. నిన్ను ఎవరైనా అడిగితే నువ్వూ అదే చెప్పు.

కల్పన మాతోపాటే ఇంటికి వచ్చింది.

పర్వతాలు


కోదాడ
18 జూన్ 2025

తమ్ముడూ,

నీకు అబద్ధం ఆడటం కూడా చేతకాదు. మిల్లులో మజ్జిగ తాగేవాళ్లమని ఫిబ్రవరిలో నువ్వే రాశావు. సోడా రాసింది నేను. సంతకం పెట్టాక కింద రెండు వేళ్ల జాగా మిగిలితే, ఉత్త కాగితం పంపడమెందుకని రాశాను. నేను పెట్టిన ఖర్చు ఆ రెండు వరుసల సిరానే, నీకు ప్రాణం మీదికి వచ్చింది. మీ బావగారు ఊరుకోమంటున్నారు. నేను రెండు రోజులుగా ఊరుకోలేకపోతున్నాను.

నేను నీకు చెప్పినవి ఎన్ని? ఉప్పు తగ్గించమన్నాను, నాలుగు నెలలు వాదించావు. చెవి మిషన్ పెట్టుకోమన్నాను, దేవుడికి పెట్టావు. ఉదయం నడవమని ఎన్నేళ్ల నుంచి మొత్తుకున్నాను, ఒక్క రోజు నడవలేదు. పుట్టిన దగ్గర్నుంచి నా మాట ఒక్కటి మొదటిసారి విన్నవాడివి కాదు. అటువంటివాడివి ఈ పనికిమాలిన ముక్కను మాత్రం ఒక్క పూట తప్పకుండా నాలుగు నెలలు విన్నావు. ఎందుకు విన్నావురా? ఇన్నిటిలో అదే ఎందుకు విన్నావు?

అంగన్‌వాడీలో ముప్పై ఏళ్లు పాఠం చెప్పాను. ఉప్పంటే డబ్బాలో తెల్లగా ఉండేదే అనుకున్నాను. పైగా నాకంతా తెలుసనుకుని ఒక ఆడపిల్లను దొంగను చేశాను.

ఈ ఆదివారం ఇరవై రెండున పొద్దున హుజూర్‌నగర్ మీదుగా వచ్చే బస్సులో వస్తున్నాను. నా ఉత్తరాలన్నీ తీసి పెట్టు. నువ్వు నా తరఫున ఆడిన అబద్ధం నేనే విప్పాలి. అడ్డం రాకు.

సువర్ణ


వేములపల్లి
1 జూలై 2025

అక్కకు,

క్షేమంగా చేరావని మహేశ్వర్ చెప్పాడు. బస్సులో నీ కళ్లద్దాల పెట్టె మరిచిపోలేదు కదా, అటుపక్కన కిటికీ దగ్గర పెట్టడం చూశాను.

ఆ రోజు నువ్వు వెళ్లాక నాకు రాయాలనిపించింది, వారం పట్టింది. నువ్వు వసారాలో కూర్చుని ఫిబ్రవరి ఉత్తరం తీసి కల్పన ముందు కింది ముక్క చదివావు. నాకు వినపడలేదు, కానీ నీ పెదవులు చూస్తూనే ఉన్నాను. అంతటితో అయిపోయిందనుకుని నువ్వు మడిచావు. అప్పుడు కల్పన, "నా మీద రాసింది గూడ సదువుండ్రి పెద్దమ్మా" అంది. అది మాత్రం నాకు బాగా తెలిసింది, నా వైపు తిరిగే అంది. నువ్వు నన్ను చూశావు. నేను అడ్డం రాలేదు, నువ్వే వద్దన్నావు కదా. ఏప్రిల్ ఉత్తరం తీసి మొదటి నుంచి చదివావు. 'చెవులు వినపడని మామను నమ్మించడం ఎంతసేపు' అన్న చోట నీ పెదవులు ఆగిపోయాయి. నువ్వు మళ్లీ మొదలుపెట్టి చివరి దాకా చదివావు. అరవై అయిదేళ్లలో నువ్వు చేసిన పనుల్లో అన్నిటికన్నా కష్టమైనది అదేనని నాకు తెలుసు.

కల్పన నిన్ను ఓదార్చలేదు. పరవాలేదు అని కూడా అనలేదు. లేచి వెళ్లి నలుగురికీ అన్నం పెట్టింది. పప్పులో ఉప్పు తక్కువే. నీ చేయి రెండుసార్లు డబ్బా కోసం పక్కకు పోయింది, రెండుసార్లూ వెనక్కి తీసుకున్నావు. కల్పన కూడా చూసింది. నువ్వు బస్సెక్కాక, "పెద్దమ్మకు గూడ ఉప్పు జాస్తి అలవాటున్నట్టుంది" అని నవ్వింది. ఏప్రిల్ తర్వాత ఆ పిల్ల నవ్వడం అదే మొదలు.

ఎందుకు విన్నావురా అని అడిగావు. నేనూ ఆలోచించాను. నువ్వు రాసిన మిగతావన్నీ అంగన్‌వాడీ టీచరు రాసినట్టు ఉన్నాయి. సంతకం కింద ముక్క మాత్రం మా అక్క రాసినట్టు ఉంది. చిన్నప్పుడు కడుపునొప్పి అని పడుకుంటే అవ్వ సోడా కలిపి నీ చేతికిచ్చేది, నువ్వు తెచ్చి తాగించేదానివి. నాలుగు నెలలు అదే తాగాను. దాంట్లో నీ తప్పు కన్నా నా మొండితనమే ఎక్కువ, పై పేజీలు కూడా అలాగే చదివి ఉంటే సరిపోయేది.

చెవి మిషన్ గూట్లోంచి తీశాను. కల్పన కుట్టుమిషన్ చప్పుడు ఇంత గట్టిగా ఉంటుందని నాకు తెలియదు. అయినా ఉత్తరాలు మానొద్దు. ఫోన్‌లో నువ్వు నన్ను మాట్లాడనివ్వవు.

ఒక్క కట్టుబాటు మాత్రం పెట్టుకున్నాం. ఇకమీదట ఏ ఉత్తరంలోనైనా సంతకం కింద ఉన్నది ముందు కల్పన చదువుతుంది. నీదైనా, నాదైనా.

నీ తమ్ముడు,
పర్వతాలు

పెద్దమ్మా, ఈ జాగ ఇగ నాది. ఇయ్యాల పొద్దుగాల మామ బీపీ 138/86. మీది గూడ కోదాడల సూపించుకొని అంకె రాయుండ్రి. కొలతల పుస్తకంల మీకొక పేజీ తీసి పెట్టిన.
కల్పన